ఆటగాడి రోగనిరోధక శక్తి డబ్బాలో దొరుకుతుందా?

గుజరాత్‌లోని సూరత్ నగరంలో ఉధ్నాకు దగ్గరగా ఉన్న పారిశ్రామిక ప్రాంతం ఖటోదరా. మరమగ్గాలు, బట్టల వ్యాపారం చుట్టూ పెరిగిన ఈ నగరానికి తెలంగాణ నేత కుటుంబాలు తరాలుగా వలస వస్తూనే ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేటంతగా మనవాళ్లు ఇక్కడ స్థిరపడ్డారు. ఆటల్లోనూ సూరత్‌కు పేరుంది. దేశం తరఫున టేబుల్ టెన్నిస్ ఆడే హర్మీత్ దేశాయ్, మానవ్ ఠక్కర్ ఈ ఊరివాళ్లే. 2022 జాతీయ క్రీడల బ్యాడ్మింటన్ పోటీలు సూరత్‌లో జరిగాయి. పురుషుల సింగిల్స్ స్వర్ణాన్ని తెలంగాణ ఆటగాడు సాయి ప్రణీత్ గెలుచుకున్నాడు.

ఇలాంటి పారిశ్రామిక వాడల్లో పెరిగే పిల్లల్లో కబడ్డీ ఆడేవాళ్లు, పరుగు పందేలకు సిద్ధమయ్యేవాళ్లు, పోలీసు, సైనిక నియామకాల కోసం తెల్లవారుజామునే మైదానానికి వెళ్లేవాళ్లు, షిఫ్టు దిగి నేరుగా జిమ్‌కు వెళ్లేవాళ్లు చాలామంది. వాళ్లలో ఎవరికైనా పోటీకి వారం ముందు జలుబు చేసిందంటే నెలల శ్రమ నీళ్లపాలవుతుందని భయం. ఆ భయానికి బజారులో సమాధానం సిద్ధంగా ఉంటుంది. ‘ఇమ్యూనిటీ’ మాత్రలు, విటమిన్ గోళీలు, ప్రొటీన్ పొడులు, మూలికల రసాలు అల్మారాల నిండా ఉంటాయి. నెల జీతంలోంచి కొంత తీసి కొనే ఆ డబ్బా నిజంగా జలుబును ఆపుతుందా? ఆపకపోతే పోయేది డబ్బేనా, ఇంకేమైనానా? దీనిపై శాస్త్రం ఇప్పటివరకు తేల్చిన విషయాలు చూద్దాం.

కష్టపడితే కణాలకు ఏమవుతుంది?

రోగనిరోధక వ్యవస్థ అంటే ఒక అవయవం కాదు. చర్మం, ముక్కు, గొంతులోని జిగురు పొరలు దాని మొదటి గోడ. లోపలికి చొరబడిన దేన్నైనా వెంటనే ఎదుర్కొనే న్యూట్రోఫిల్స్, సహజ హంతక కణాల వంటివి రెండో వరుస. శత్రువును గుర్తుపెట్టుకుని ప్రత్యేకంగా దాడి చేసే టి, బి లింఫోసైట్లు మూడో వరుస. వీటన్నిటి మధ్య సమన్వయం ఉంటేనే ఆరోగ్యం. అందుకే ‘రోగనిరోధక శక్తిని పెంచుతుంది’ అనే ప్రకటన శాస్త్రపరంగా పెద్దగా అర్థం లేనిది. ఈ వ్యవస్థ అవసరానికి మించి చురుకైతే ఉబ్బసం, అలర్జీలు, సొంత కణాలపైనే దాడి చేసే జబ్బులు వస్తాయి. మనకు కావలసింది పెరిగిన శక్తి కాదు, సరిగ్గా పనిచేసే వ్యవస్థ.

మనం పరుగెత్తడం మొదలుపెట్టగానే అడ్రినలిన్ ప్రభావంతో, రక్తప్రవాహ వేగంతో సహజ హంతక కణాలు, లింఫోసైట్లు పెద్ద సంఖ్యలో రక్తంలోకి వస్తాయి. వ్యాయామం ఆపిన ఒకటి రెండు గంటల్లో వాటి సంఖ్య మామూలు స్థాయి కన్నా కిందికి పడిపోతుంది. సాధారణంగా ఒక రోజులోపే మళ్లీ సర్దుకుంటుంది. ఈ పతనాన్ని చూసి, కఠిన వ్యాయామం తర్వాత కొన్ని గంటలపాటు శరీరం తలుపులు తెరిచిన ఇల్లులా ఉంటుందని శాస్త్రవేత్తలు చాలాకాలం భావించారు. దీనికి ‘తెరిచిన కిటికీ’ సిద్ధాంతం అని పేరు.

దీనికి తోడు మరో ఊహ కూడా వచ్చింది. కదలకుండా కూర్చునేవారి కన్నా మితంగా వ్యాయామం చేసేవారికి జలుబులు తక్కువ, మరీ కఠినంగా శ్రమించేవారికి ఎక్కువ అని అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ నీమన్ ప్రతిపాదించాడు. గీత గీస్తే అది ఇంగ్లిషు ‘జె’ అక్షరంలా కనిపిస్తుంది కాబట్టి దాన్ని జె-వక్రరేఖ అన్నారు.

పరుగువీరుల జలుబులు

ఈ ఊహలకు ఆధారం మారథాన్‌లే. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో 1982లో జరిగిన టూ ఓషన్స్ పరుగు తర్వాత రెండు వారాల్లో పరుగెత్తినవారిలో 33.3 శాతం మంది శ్వాసకోశ లక్షణాలు చెప్పారు. పరుగెత్తనివారిలో అలా చెప్పినవారు 15.3 శాతం. 1987 లాస్ ఏంజెలిస్ మారథాన్‌కు శిక్షణ పొందిన 2,311 మందిని నీమన్ బృందం పరిశీలించింది. పోటీలో పాల్గొన్నవారిలో 12.9 శాతం మందికి తరువాతి వారంలో జలుబు వంటి ఇబ్బంది వచ్చింది. అంతే శిక్షణ పొంది, వేరే కారణాల వల్ల పరుగెత్తనివారిలో అది 2.2 శాతం మాత్రమే.

మితమైన వ్యాయామం మేలు చేస్తుందనడానికి కూడా ఆధారముంది. నీమన్ బృందమే 1,002 మంది పెద్దలను 12 వారాలపాటు గమనించి 2011లో ఫలితాలు ప్రకటించింది. వారంలో అయిదు రోజులు, అంతకుమించి వ్యాయామం చేసినవారికి జలుబుతో బాధపడిన రోజులు దాదాపు వ్యాయామం చేయనివారి కన్నా 43 శాతం తక్కువ.

అయితే ఈ లెక్కలకు ఒక బలహీనత ఉంది. చాలా అధ్యయనాల్లో లక్షణాలు చెప్పింది ఆటగాళ్లే. ప్రయోగశాలలో క్రిమిని వెతకలేదు. 2007లో ఆస్ట్రేలియా పరిశోధకులు సైక్లిస్టులు, ట్రయథ్లాన్ ఆటగాళ్లు సహా మూడు వర్గాలవారిలో వచ్చిన 37 శ్వాసకోశ ఇబ్బందులను పరీక్షిస్తే, క్రిమి దొరికింది 11 సందర్భాల్లోనే. మిగతా గొంతునొప్పులకు కారణం అలర్జీ కావచ్చు, పొడిగాలి కావచ్చు, గంటల తరబడి నోటితో గాలి పీల్చడం వల్ల గొంతు పొర ఎండి ఒరుసుకుపోవడం కావచ్చు. దుమ్ము, పీచు ఎగిరే చోట పనిచేసి, సాయంత్రం రద్దీ రోడ్డు పక్కన పరుగెత్తే యువకుడికి గొంతు గరగరలాడితే దానికి కారణం వైరస్సే కానక్కర్లేదు. అలాంటి గొంతుకు ఏ ఇమ్యూనిటీ గోళీ పనిచేయదు.

2018లో బ్రిటన్‌కు చెందిన క్యాంప్‌బెల్, టర్నర్ అనే శాస్త్రవేత్తలు తెరిచిన కిటికీ సిద్ధాంతాన్నే ప్రశ్నించారు. వ్యాయామం తర్వాత రక్తంలో లింఫోసైట్లు తగ్గడమంటే అవి చచ్చిపోవడం కాదని, ఊపిరితిత్తులు, పేగుల వంటి చోట్లకు కాపలాకు వెళ్లడమని వారి వాదన. పోలీస్ స్టేషన్‌లో సిబ్బంది కనపడకపోతే ఊళ్లో పోలీసులే లేరని అనలేం కదా, గస్తీకి వెళ్లి ఉండవచ్చు. మరి మారథాన్ తర్వాత వచ్చే జలుబుల మాటేమిటి? వేల మంది ఒకచోట గుమిగూడటం, ప్రయాణం, నిద్రలేమి, పోటీ ఆందోళన, సరిపోని తిండి కూడా కారణాలే అంటారు వీళ్లు. ఈ చర్చ ఇంకా ముగియలేదు. కానీ రెండు వర్గాలూ ఒప్పుకునే విషయం ఒకటుంది. నిద్ర, తిండి, ఒత్తిడి దెబ్బతింటే ఆటగాడికి జబ్బు చేసే ముప్పు పెరుగుతుంది.

విటమిన్ సి: ఎవరికి, ఎంత?

జలుబు అనగానే గుర్తొచ్చేది విటమిన్ సి. దీనిపై జరిగినన్ని ప్రయోగాలు మరే విటమిన్ పైనా అరుదు. 2013లో వెలువడిన కోక్రేన్ సమీక్ష 29 ప్రయోగాలను, 11,306 మందిని కలిపి చూసింది. మామూలు మనుషులు రోజూ విటమిన్ సి వేసుకున్నా జలుబు రావడం తగ్గలేదు. వచ్చిన జలుబు మాత్రం పెద్దల్లో సగటున 8 శాతం తొందరగా తగ్గింది. అంటే ఏడు రోజుల జలుబులో సుమారు సగం రోజు తేడా.

అదే సమీక్షలో ఆటగాళ్లకు సంబంధించిన ఆసక్తికరమైన అంశం ఉంది. మారథాన్ పరుగువీరులు, మంచుపై స్కీయింగ్ చేసేవారు, అతిశీతల ప్రాంతాల్లో శిక్షణ పొందే సైనికులు కలిపి 598 మందిపై జరిగిన అయిదు ప్రయోగాల్లో విటమిన్ సి జలుబు ముప్పును దాదాపు సగానికి తగ్గించింది. కాబట్టి కొద్దిరోజుల పాటు తీవ్రమైన శారీరక ఒత్తిడి ఉన్నప్పుడు దీనికి కొంత ప్రయోజనం ఉండవచ్చు. అయితే ఇది రోజుకు గంటసేపు జిమ్ చేసేవారి మీద వచ్చిన ఫలితం కాదని మరిచిపోకూడదు.

మరో సంగతి. వ్యాయామంలో పుట్టే ఆక్సిజన్ ఫ్రీ రాడికల్స్ హానికరమని, విటమిన్ సి, ఇ వంటి యాంటీ ఆక్సిడెంట్లు వాటిని అణిచేస్తాయని చెప్పి అమ్ముతుంటారు. కానీ ఆ రాడికల్సే కండరానికి ‘ఇంకా బలపడు’ అని కబురు పంపుతాయి. 2008లో స్పెయిన్ పరిశోధకులు రోజుకు 1 గ్రాము విటమిన్ సి ఇచ్చి చూస్తే, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా శిక్షణకు తగ్గట్టు పెరగడంలో ఆటంకం కనిపించింది. 2014లో నార్వేలో విటమిన్ సి, ఇ రెండూ పెద్ద మోతాదులో ఇచ్చిన ప్రయోగంలోనూ ఇలాంటి సూచనలే వచ్చాయి. నెలల తరబడి పెద్ద మోతాదులు మింగితే చేసిన సాధన ఫలితాన్నే కొంత కోల్పోయే అవకాశముంది.

భారతీయ వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సిఫార్సు చేసిన విటమిన్ సి మోతాదు పురుషులకు రోజుకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములు. 100 గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైగానే ఉంటుంది. ఉసిరికాయలో ఇంకా ఎక్కువ. సగం జామకాయ తిన్నా రోజు అవసరం తీరిపోతుంది.

విటమిన్ డి, జింకు, ఇనుము: లోటుంటేనే లాభం

మగ్గాల షెడ్డులో పగటి షిఫ్టు చేసి, మూసిన హాల్‌లో బ్యాడ్మింటన్ ఆడే వ్యక్తి మీద ఎండ పడేది ఎప్పుడు? రాత్రి షిఫ్టు వాళ్లు పగలు నిద్రపోతారు. ఎండలు కాసే మన దేశంలోనూ విటమిన్ డి లోపం విరివిగా కనపడటానికి ఇలాంటి జీవనశైలి ఒక కారణం. 2017లో 25 ప్రయోగాల విశ్లేషణ విటమిన్ డి శ్వాసకోశ ఇన్ఫెక్షన్లను స్వల్పంగా తగ్గిస్తుందని, తీవ్ర లోపం ఉన్నవారిలోనే ఎక్కువ మేలు కనిపించిందని చెప్పింది. మరిన్ని ప్రయోగాలు కలిపి 2025లో చేసిన విశ్లేషణలో ఆ ప్రయోజనం గణాంకపరంగా నిలబడలేదు. లోపం ఉంటే ఎముకలకు, కండరాలకు విటమిన్ డి తప్పకుండా అవసరం. లోపం లేనివారు జలుబు రాకుండా దీన్ని వేసుకోవాలనడానికి ఆధారం బలహీనం.

ఇక్కడ ఒక జాగ్రత్త. మన మందుల షాపుల్లో దొరికే 60,000 యూనిట్ల విటమిన్ డి పొట్లాలు, గోళీలు సాధారణంగా వారానికొకటి వాడేందుకు వైద్యులు రాసేవి. కొందరు పొరపాటున వాటిని రోజూ వేసుకుంటారు. ఈ విటమిన్ కొవ్వులో నిలవ ఉండేది. మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, నీరసం, మూత్రపిండాల దెబ్బ వరకూ వెళ్తుంది. రక్తపరీక్ష లేకుండా మొదలుపెట్టకూడదు.

జింకు సంగతీ ఇంతే. రోజూ వేసుకుంటే జలుబు రాకుండా ఆపుతుందనడానికి మంచి ఆధారం లేదని 2024 కోక్రేన్ సమీక్ష తేల్చింది. జలుబు మొదలయ్యాక వాడితే రెండు రోజుల వరకు తొందరగా తగ్గవచ్చు, కానీ ఆ ఆధారంపై నమ్మకం తక్కువ. ఎక్కువకాలం ఎక్కువ జింకు తీసుకుంటే శరీరం రాగిని పీల్చుకోలేదు. రాగి తగ్గితే రక్తహీనత వస్తుంది, తెల్ల రక్తకణాలు పడిపోతాయి. రోగనిరోధక శక్తి కోసం మింగిన మాత్ర దాన్నే దెబ్బతీస్తుందన్నమాట.

ఇనుము మరో కథ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత గుజరాత్‌లో 65 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఆడపిల్లలు ఆటల్లోకి వస్తున్న ఈ రోజుల్లో ఇది చిన్న సంఖ్య కాదు. త్వరగా అలసిపోయే అమ్మాయికి ఇమ్యూనిటీ టానిక్ కొనిపెట్టే బదులు హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ పరీక్షలు చేయించడం తెలివైన పని. లోపం తేలితే వైద్యులు ఇచ్చే ఇనుము మాత్రలు నిజంగానే ఆటను మారుస్తాయి. లోపం లేనివారికి అదనపు ఇనుము మేలు చేయదు. చాలా బ్యాక్టీరియాలకు ఇనుమే ఆహారం కాబట్టి కీడు చేసే అవకాశమూ ఉంది.

ప్రొబయోటిక్స్, గ్లుటమిన్, మూలికలు

మేలు చేసే బ్యాక్టీరియాను గోళీగా ఇస్తే జలుబులు కొంత తగ్గవచ్చని ప్రయోగాలు సూచిస్తున్నాయి. కానీ ఆ ఫలితం ప్రత్యేకమైన బ్యాక్టీరియా రకానికి పరిమితం. ఒక రకంపై వచ్చిన ఫలితాన్ని ఇంకో రకం డబ్బాకు అంటించలేం. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు ప్రయోగశాలలో ఎంచిన రకం కాకపోయినా ప్రొటీన్, కాల్షియం, సజీవ బ్యాక్టీరియా మూడూ ఇస్తుంది. ధర కూడా తక్కువే.

గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం సుదీర్ఘ వ్యాయామం తర్వాత రక్తంలో తగ్గే మాట నిజం. దాన్ని పొడిగా తాగితే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయన్నది మాత్రం రుజువు కాలేదు. దీనికన్నా సాదా పిండిపదార్థమే కొంత నయం. గంటన్నరకు మించిన పరుగులో గంటకు 30 నుంచి 60 గ్రాముల చక్కెర, పిండిపదార్థం అందితే కార్టిసాల్ వంటి ఒత్తిడి హార్మోన్లు అంతగా పెరగవు, రోగనిరోధక కణాల ఒడిదొడుకులూ తగ్గుతాయి. మూడు నాలుగు అరటిపళ్లు, బెల్లం నీళ్లు ఆ పని చేయగలవు.

కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడకం బాగా పెరిగింది. దాన్ని వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను దేశంలోని పలు ఆసుపత్రుల వైద్యులు కలిసి 2022లో ప్రచురించారు. తిప్పతీగకు కాలేయ హానిని అంటగట్టడం సరికాదని, పోలికలున్న వేరే మొక్కతో పొరపాటు పడే వీలుందని ఆయుష్ మంత్రిత్వ శాఖ అంటోంది. వాదం ఏదైనా ఆటగాడు నేర్చుకోవలసింది ఒకటే. ‘సహజం’ అన్న మాట ‘సురక్షితం’ అన్న మాటకు సమానం కాదు.

లేబుల్ మీద ఒకటి, డబ్బాలో ఒకటి

ఇంతవరకు చెప్పుకున్నది డబ్బాలో లేబుల్ చెప్పినదే ఉందనుకుని. ఆ నమ్మకం అన్నిసార్లూ నిలవదు. 13 దేశాల్లో కొన్న 634 సప్లిమెంట్లను జర్మనీలోని కొలోన్ ప్రయోగశాల పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించింది. 94 డబ్బాల్లో, అంటే దాదాపు 15 శాతంలో, లేబుల్ మీద పేరులేని అనబాలిక్ స్టెరాయిడ్లు దొరికాయి. మన దేశంలో అమ్మే 36 ప్రొటీన్ సప్లిమెంట్లను కేరళ వైద్యుల బృందం విశ్లేషించి 2024లో వెల్లడించిన వివరాలు కూడా ఆలోచింపజేసేవే. దాదాపు 70 శాతం డబ్బాల్లో ప్రొటీన్ లెక్క లేబుల్‌తో సరిపోలలేదు. సుమారు 14 శాతంలో బూజు విషాలైన అఫ్లటాక్సిన్లు, 8 శాతంలో పురుగుమందుల అవశేషాలు కనిపించాయి.

మామూలు మనిషికి ఇది ఆరోగ్య సమస్య. పోటీల్లో ఆడేవారికి జీవనాధార సమస్య కూడా. డోపింగ్ నిబంధనల ప్రకారం ఆటగాడి శరీరంలో దొరికిన ప్రతి నిషిద్ధ పదార్థానికీ ఆటగాడే బాధ్యుడు. ‘డబ్బా మీద రాయలేదు’, ‘కోచ్ ఇచ్చాడు’ అన్నంత మాత్రాన తప్పించుకోలేడు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ లెక్కల్లో 2023లో భారత్ 5,606 నమూనాలు పరీక్షిస్తే 213 పాజిటివ్‌గా తేలాయి. అంటే 3.8 శాతం. పెద్ద సంఖ్యలో పరీక్షలు చేసే దేశాల్లో ఇది చాలా ఎక్కువ. వీటన్నిటికీ కలుషిత సప్లిమెంట్లే కారణం అనలేం. కానీ ఏం మింగుతున్నామో తెలియకుండా మింగడం ఎంత ప్రమాదమో ఈ సంఖ్య గుర్తుచేస్తుంది.

జలుబు మందు కూడా ఈ ఉచ్చులోకి లాగగలదు. గుజరాత్‌లోని బరోడా తరఫున ఆడిన క్రికెటర్ యూసుఫ్ పఠాన్ 2017లో దేశవాళీ పోటీ సందర్భంగా ఇచ్చిన నమూనాలో టెర్బుటలిన్ అనే నిషిద్ధ పదార్థం దొరికింది. శ్వాసకోశ ఇన్ఫెక్షన్‌కు తాగిన దగ్గు మందు ద్వారా తెలియకుండా అది ఒంట్లోకి చేరిందన్న వివరణను క్రికెట్ బోర్డు అంగీకరించింది. అయినా అయిదు నెలల నిషేధం తప్పలేదు. 2019లో పృథ్వీ షాకు కూడా దగ్గు మందులోని అదే పదార్థం వల్ల ఎనిమిది నెలల నిషేధం పడింది. పక్కన వైద్యులు, ఫిజియోలు ఉన్న ఆటగాళ్లకే ఇలా జరిగితే, వీధి చివరి దుకాణంలో సీసా కొనే యువ ఆటగాడి పరిస్థితి ఊహించుకోవచ్చు.

మన దేశంలో సప్లిమెంట్లు మందుల చట్టం కింద కాక ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధనల కిందకు వస్తాయి. 2016 నిబంధనల ప్రకారం వాటిపై ‘ఔషధంగా వాడరాదు’ అన్న హెచ్చరిక ఉండాలి. 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉండాలి. జబ్బును నయం చేస్తుందని చెప్పుకోకూడదు. అలా చెప్పే డబ్బాను అక్కడే వదిలేయడం మేలు. క్రీడాకారులు వాడే సప్లిమెంట్లను పరీక్షించేందుకు గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ శాస్త్రాల విశ్వవిద్యాలయంలో ప్రత్యేక కేంద్రం కూడా ఏర్పాటైంది. ఏ మందులో నిషిద్ధ పదార్థముందో చూసుకునేందుకు జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ ‘నో యువర్ మెడిసిన్’ అనే మొబైల్ యాప్ తెచ్చింది. చికిత్సకు నిషిద్ధ మందు తప్పనిసరైతే ముందుగా వైద్య మినహాయింపు కోరే మార్గమూ ఉంది.

కంచంలో లెక్క

రోగనిరోధక కణాలు, అవి తయారుచేసే ప్రతిరక్షకాలు ప్రొటీన్‌తోనే తయారవుతాయి. కాబట్టి ప్రొటీన్ తక్కువైతే రక్షణా తగ్గుతుంది. మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. కఠిన శిక్షణలో ఉన్నవారికి 1.2 నుంచి 2 గ్రాముల దాకా అవసరమని క్రీడా పోషణ నిపుణులు చెబుతారు. 60 కిలోల ఆటగాడికి అది 72 నుంచి 120 గ్రాములు.

ఇది పొడి లేకుండా సాధ్యమేనా? మూడు గుడ్లలో దాదాపు 20 గ్రాములు. 80 గ్రాముల కందిపప్పు వండితే 17, 18 గ్రాములు. అర లీటరు పాలు, పెరుగు కలిపి 16 గ్రాములు. గుప్పెడున్నర పల్లీలు, అంటే 50 గ్రాములు తింటే 12 గ్రాములు. రోజు మొత్తంలో తినే 400 గ్రాముల బియ్యం, జొన్నపిండి నుంచి 30 గ్రాములకు పైనే. మొత్తం 95 గ్రాములు దాటింది. వారంలో రెండుసార్లు చికెనో చేపో తోడైతే ఇంకా మంచిది. గుడ్డు ముట్టనివారు పాలు, పెరుగు, సోయా, శనగలు పెంచుకోవచ్చు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా కండలు పెంచడానికి ప్రొటీన్ సప్లిమెంట్ల జోలికి పోవద్దనే చెప్పాయి. శిక్షణ తీవ్రత వల్ల తిండితో లెక్క పూరించలేని కొద్దిమంది ఉన్నతస్థాయి ఆటగాళ్ల సంగతి వేరు. వాళ్లకు ఆ నిర్ణయం క్రీడా పోషణ నిపుణుల పర్యవేక్షణలో జరగాలి.

ప్రొటీన్ కన్నా ముందు చూసుకోవలసింది మొత్తం తిండి. బరువు తగ్గడానికి కడుపు మాడ్చుకుంటూ కఠినంగా సాధన చేసేవారిలో శరీరానికి శక్తి చాలక హార్మోన్లు, ఎముకలు, రోగనిరోధక వ్యవస్థ అన్నీ కుంటుపడతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2014లో దీన్ని క్రీడల్లో శక్తి లోటుగా గుర్తించి హెచ్చరించింది. బరువు విభాగాల్లో ఆడే కుస్తీ, బాక్సింగ్, కబడ్డీ ఆటగాళ్లకు, నెలసరి ఆగిపోయిన అమ్మాయిలకు ఈ హెచ్చరిక ముఖ్యం. ఈ లోటును ఏ మల్టీవిటమిన్ గోళీ పూడ్చలేదు.

డబ్బు అక్కర్లేని మందు

2015లో అమెరికా పరిశోధకులు 164 మంది ఆరోగ్యవంతుల నిద్రను వారంపాటు కొలిచి, తర్వాత వారి ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేశారు. ఏడు గంటలకు మించి నిద్రపోయినవారితో పోలిస్తే ఆరు గంటల లోపు నిద్రపోయినవారికి జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉంది. ఏ సప్లిమెంటూ ఇంత పెద్ద తేడా చూపలేదు.

అసలు కష్టం ఇక్కడే ఉంది. మరమగ్గాల పనిలో పన్నెండు గంటల షిఫ్టులు మామూలు. పగలు, రాత్రి మారుతుంటాయి. అలాంటి కార్మికుడికో, అతని కొడుక్కో ‘ఎనిమిది గంటలు నిద్రపో’ అని చెప్పడం తేలిక, ఆచరించడం కష్టం. అందుకే కొన్ని సర్దుబాట్లు ఆలోచించాలి. రాత్రి షిఫ్టు వారంలో కఠిన సాధన తగ్గించి, పగటి షిఫ్టు వారానికి జరుపుకోవచ్చు. షిఫ్టు దిగాక గది చీకటి చేసుకుని, ఫోన్ పక్కన పెట్టి, ఒకే దఫాలో నిద్ర పూర్తికాకపోతే రెండు దఫాలుగా పడుకోవచ్చు. శిక్షణ భారాన్ని ఒక్కసారిగా కాక మెల్లగా పెంచుకోవచ్చు. పోటీకి ముందు వారం చేతులు సబ్బుతో కడుక్కోవడం, నీళ్ల సీసా, తువ్వాలు ఇతరులతో పంచుకోకపోవడం, జలుబు చేసినవారికి దూరంగా ఉండటం కూడా పనిచేస్తాయి. ఏటా ఫ్లూ టీకా వేయించుకునే విషయం వైద్యులను అడగవచ్చు.

జలుబు వచ్చేస్తే? లక్షణాలు ముక్కు, గొంతు వరకే ఉంటే తేలికపాటి వ్యాయామం చేయవచ్చు. జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీలో దగ్గు ఉంటే సాధన పూర్తిగా ఆపాలి. కొన్ని వైరస్‌లు గుండె కండరానికి వాపు తెస్తాయి. ఆ స్థితిలో పరుగెత్తడం ప్రాణం మీదికి రావచ్చు.

సప్లిమెంట్ కొనే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు. నాకు ఈ పోషకం లోటు ఉందని రక్తపరీక్ష చెప్పిందా? ఆ లోటు తిండితో తీరదా? ఈ మోతాదు వైద్యులు చెప్పినదేనా? ఈ తయారీ బ్యాచ్‌ను స్వతంత్ర ప్రయోగశాల పరీక్షించిందా? నాలుగింటికీ అవును అని వస్తే ఆ డబ్బాకు అర్థముంది. ఒక్కదానికి కాదు అని వచ్చినా, ఆ డబ్బుతో నెలకు సరిపడా గుడ్లు, పల్లీలు, జామకాయలు కొనడమే ఆటకు పెట్టే మంచి పెట్టుబడి.